డ్యూటీ దిగే వేళ

మెల్‌బోర్న్‌లో నాది పేరోల్ పని. ఎవరెన్ని గంటలు పనిచేశారు, అందులో మామూలు గంటలెన్ని, ఓవర్‌టైం ఎంత, ఎవరి సెలవులు ఎన్ని మిగిలాయి అనే లెక్క చూసి జీతాలు వేయడం నా ఉద్యోగం. కోరుట్లలో డిగ్రీ చదివి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి, ఇంకో కోర్సు చేసి ఈ పనిలో కుదురుకున్నాను. మా సాఫ్ట్‌వేర్‌లో కనిపించే ప్రతి అంకెకూ ఒక పుట్టుక ఉంది. వారానికి 38 గంటలే ఎందుకు? భవన నిర్మాణంలో పనిచేసేవాళ్లకు రోజూ విడిగా జమపడే ఆ 24 నిమిషాలేమిటి? పని వేళలు మార్చమని ఉద్యోగి అడిగితే యజమాని 21 రోజుల్లోగా జవాబివ్వాలన్న షరతు ఎక్కడిది? ఈ అంకెల వెంట పడితే ఈ ఊరి చరిత్రంతా తవ్వుకోవాల్సి వచ్చింది.

ఇంటి నుంచి పని, వేళల వెసులుబాటు అనేవి కరోనాతో పాటు వచ్చాయని మన వాళ్లు చాలామంది అనుకుంటారు. ఈ ఊళ్లో పని వేళల తగవుకు దాదాపు నూట డెబ్బై ఏళ్ల వయసు.

1851లో విక్టోరియాలో బంగారం బయటపడింది. కూలీలు, ఓడల కళాసీలు, గుమాస్తాలు కూడా పలుగూ పారా పట్టుకుని బల్లారట్, బెండిగో దారి పట్టారు. ఊళ్లో మేస్త్రీలకు కరువొచ్చింది. మరోపక్క ఖజానా నిండి, విశ్వవిద్యాలయం, గ్రంథాలయం, పార్లమెంటు అన్నీ ఆ నాలుగైదేళ్లలోనే లేచాయి. రాయి చెక్కే చేతికి అంత గిరాకీ అంతకుముందెన్నడూ లేదు. అప్పటి రివాజు రోజుకు పది గంటలు, వారానికి ఆరు రోజులు. రాతిపనివాళ్ల సంఘంలో జేమ్స్ స్టీఫెన్స్, జేమ్స్ గాలవే అని ఇద్దరు ముందుకొచ్చారు. స్టీఫెన్స్ వేల్స్ మనిషి. బ్రిటన్‌లో సామాన్యులకు ఓటు కావాలని నడిచిన చార్టిస్టు ఉద్యమంలో తిరిగినవాడు. గాలవే స్కాట్లండ్ నుంచి వచ్చాడు. రోజుకు ఎనిమిది గంటలే పనిచేస్తాం, కూలీ మాత్రం పైసా తగ్గకూడదు అని సంఘం పట్టుబట్టింది. కాంట్రాక్టర్లు చాలామంది సరేనన్నారు. పార్లమెంటు భవనం కడుతున్న కాంట్రాక్టరు ఒప్పుకోలేదు.

1856 ఏప్రిల్ 21, సోమవారం. విశ్వవిద్యాలయం కడుతున్న చోట ఎండ మండిపోతోందని, ఇదే అదను అనిపించి తోటివాళ్లను వెంట రమ్మన్నానని స్టీఫెన్స్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. ఉలీ సుత్తీ దించేసి అందరూ బయల్దేరారు. దారిలో పని నడుస్తున్న చోటల్లా ఆగి, అక్కడివాళ్లను కలుపుకుంటూ పార్లమెంటు భవనం దాకా నడిచారు. మూడు వారాలు తిరిగేసరికి, మే 12న, బ్యానర్లు పట్టుకుని రిచ్‌మండ్‌లోని క్రెమోర్న్ తోటల దాకా గెలుపు ఊరేగింపు తీశారు. భవన నిర్మాణ పనుల్లో ఎనిమిది గంటల దినం స్థిరపడిపోయింది. సిడ్నీ రాతిపనివాళ్లు అంతకు ముందు ఏడాదే కొన్ని చోట్ల దీన్ని సాధించినా, కూలీ తగ్గకుండా ఒక ఊరి నిర్మాణ పనులన్నిటికీ దక్కింది మెల్‌బోర్న్‌లోనే.

ఇప్పుడు రస్సెల్ స్ట్రీట్, విక్టోరియా స్ట్రీట్ కలిసే మూలన, కార్మిక సంఘాల భవనమైన ట్రేడ్స్ హాల్‌కు ఎదురుగా, ఒక రాతి స్తంభం ఉంటుంది. దాని మీద 888 అని అంకెలు, పైన గోళం. ఎనిమిది గంటలు పని, ఎనిమిది గంటలు మన సొంతానికి, ఎనిమిది గంటలు విశ్రాంతి అని అర్థం. 1903 నాటి స్తంభం అది, 1920లలో ఈ మూలకు మార్చారు. ట్రామ్ దిగి అటు వెళ్లినప్పుడల్లా నా కళ్లు ఆ నడిమి 8 మీదే పడతాయి. పనివాళ్లు అప్పుడు గట్టిగా చెప్పిన కారణాల్లో ఎండ ఒకటి, చదువు ఇంకొకటి. పని దిగాక పుస్తకం పట్టుకునే ఓపిక, సభకు వెళ్లే తీరిక, పిల్లలతో గడిపే పొద్దు ఉండాలన్నారు. 1859లో చెక్కతో కట్టుకున్న మొదటి ట్రేడ్స్ హాల్ సంఘాల సమావేశాలకే కాకుండా పనివాళ్ల చదువుకు కూడా అనుకున్నదే. పని ఎప్పుడు దిగుతామో పొద్దున్నే తెలిసి ఉండటం వాళ్లు సంపాదించిన అసలు ఆస్తి అని నేను నమ్ముతాను. సాయంత్రం మనదని ముందే తెలిస్తేనే ఆ సాయంత్రానికి ఏదైనా అనుకోగలం.

అయితే ఆ స్తంభం మీది లెక్క అందరిదీ కాదు. దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఇళ్లలో పనిమనుషులు, బట్టలు కుట్టే ఆడవాళ్లు పన్నెండు, పద్నాలుగు గంటలు చేస్తూనే ఉన్నారు. 1873లో విక్టోరియా ఒక చట్టం చేసి, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్లతో రోజుకు ఎనిమిది గంటలకు మించి పని చేయించకూడదంది. కాగితం మీద గొప్ప చట్టం. ఫ్లిండర్స్ లేన్ బట్టల వ్యాపారులు దానికో దారి కనిపెట్టారు. ఎనిమిది గంటలు కాగానే ఫ్యాక్టరీ తలుపు మూసి, మిగిలిన కుట్టుపని మూటగట్టి ఆడపిల్లల చేతికే ఇచ్చి ఇంటికి పంపారు. రాత్రి ఇంట్లో కుట్టి పొద్దున తెచ్చివ్వాలి. ఇంట్లో గడిచే గంటకు చట్టం లేదు. ముక్కకింత అని ఇచ్చేవాళ్లు కాబట్టి గంటలతో వాళ్లకు నిమిత్తం లేదు.

1882 డిసెంబరులో బీత్ షీస్ అనే కంపెనీ ముక్కరేటు తగ్గించబోతే కుట్టుపని ఆడవాళ్లు సమ్మె కట్టి, తమకంటూ యూనియన్ పెట్టుకున్నారు. ట్రేడ్స్ హాల్ అండగా నిలిచింది. అయినా మూటలు ఇళ్లకు పోవడం ఆగలేదు, 1890ల మాంద్యంలో మరీ పెరిగింది. 1895లో ఈ దోపిడీకి వ్యతిరేకంగా ఒక లీగ్ పుట్టింది. శామ్యూల్ మాగర్ దానికి కార్యదర్శి. మరుసటి ఏడాది, 1896లో, విక్టోరియా ప్రభుత్వం బట్టలు, బూట్లు, ఫర్నిచరు, రొట్టెల పనుల్లో కనీస కూలీ నిర్ణయించే వేజెస్ బోర్డులు పెట్టింది. ఇంటి దగ్గర కుట్టేవాళ్లు పేరు నమోదు చేసుకోవాలన్న నిబంధన వచ్చింది. ఇంటి నుంచి పని అనే మాట వినగానే ఈనాటి ఉద్యోగి ముఖం వికసిస్తుంది గానీ, ఈ ఊరి కార్మిక సంఘాలు ఒకప్పుడు దాన్ని ఆపడానికే తిరిగాయి.

ఈ భాగం చదువుతున్నప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చింది. కోరుట్ల, మెట్‌పల్లి, నిజామాబాద్ వైపు ఇంటింటా బీడీలు చుట్టేవాళ్లే. అమ్మ ఒళ్లో ఎప్పుడూ చాట ఉండేది. రాత్రే తునికాకు నానబెట్టి తడిబట్టలో చుట్టి పెట్టేది. పొద్దున అచ్చు రేకు ఆకు మీద పెట్టి కత్తెరతో కత్తిరించడం, చాటలో తంబాకు ఒక పక్కన, కత్తిరించిన ఆకు ఒక పక్కన, దారం కాలి బొటనవేలి దగ్గర. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే బీడీలు, వాకిట్లో పక్కింటామెతో ముచ్చట పెడుతూ బీడీలు, కరెంటు పోతే దీపం దగ్గర బీడీలు. తినమని పిలిస్తే "ఈ కట్ట అయినంక తింటా బిడ్డా" అనేది. కట్టకు ఇరవై అయిదు. వెయ్యి బీడీలకు లెక్క కట్టేవాళ్లు. మధ్యాహ్నం కంపెనీకి పట్టుకుపోతే అక్కడ టేకేదారు కట్ట విప్పి చూసి, వంకర పోయినవి పక్కకు పారేసేవాడు. అవి లెక్కలో ఉండవు. 1966లో భారత ప్రభుత్వం బీడీ కార్మికుల చట్టం తెచ్చి, ఇంట్లో చుట్టేవాళ్లనూ కార్మికులుగానే గుర్తించింది. తర్వాత అమ్మకు పీఎఫ్ కూడా వచ్చింది. కానీ ఇంటి దగ్గర పని ఏ గంటకు దిగాలో చెప్పే ఏర్పాటు మాత్రం ఎవరూ చేయలేకపోయారు. అమ్మ వీపు నొప్పికి, పొగాకు ఘాటుకు పట్టిన దగ్గుకు అదొక కారణం.

నేనుండేది టార్నీట్‌లో, మెల్‌బోర్న్‌కు పడమటి చివర. 2021 జనాభా లెక్కల నాటికే 56 వేల పైచిలుకు మంది ఉన్న ఊరు. సాయంత్రం పార్కులో నడిస్తే తెలుగు వినపడుతుంది. మా రైలు 2015లో వచ్చింది. సిటీకి వెళ్లే దారిలో సన్‌షైన్‌లో ఆగుతుంది. అక్కడ హ్యూ విక్టర్ మెకేకి కోత యంత్రాల ఫ్యాక్టరీ ఉండేది. 1907 నవంబరు 8న జడ్జి హెన్రీ బోర్న్స్ హిగిన్స్ ఆ ఫ్యాక్టరీ విషయంలో ఇచ్చిన తీర్పు ఆస్ట్రేలియా జీతాలకు పునాది రాయి. నైపుణ్యం లేని పనివాడికైనా, భార్యా ముగ్గురు పిల్లలతో పొదుపుగా, మర్యాదగా బతకడానికి రోజుకు 7 షిల్లింగులు ఇవ్వాలన్నాడు. పనివాళ్ల భార్యలు కోర్టుకు వచ్చి ఇంటి ఖర్చులు చెప్పారు. మెకే మీద ఆ తీర్పు మరుసటి ఏడాది హైకోర్టులో నిలవలేదు గానీ, 7 షిల్లింగుల లెక్క నిలిచిపోయింది.

నేను ఆ తీర్పును గౌరవిస్తాను. బతకడానికి ఎంత కావాలో చూసి కూలీ కట్టమన్న జడ్జి ఊరికే పుట్టడు. కానీ ఆ లెక్కలో భర్త ఫ్యాక్టరీలో, భార్య ఇంట్లో. ఆయన ఎనిమిది గంటలు పనిచేసి వస్తే ఆమె అన్నం వండి, పిల్లలను సాకి ఉంటుంది అన్నది అందులో ఇమిడి ఉంది. స్తంభం మీది నడిమి 8 ఆయనకు దక్కిందంటే ఆమె గంటలు ఎవరూ లెక్కపెట్టలేదు కాబట్టే. 1948 జనవరి 1 నుంచి దేశమంతా 40 గంటల వారం వచ్చింది, శనివారం సెలవైంది. అప్పుడూ ఇల్లు నడిపేది ఆమే. కేంద్ర ప్రభుత్వోద్యోగంలో ఉన్న ఆడపిల్ల పెళ్లయిందంటే ఉద్యోగం వదులుకోవాల్సిందే. ఆ నిబంధన పోయింది 1966 నవంబరులో. బీడీ చట్టం వచ్చిన ఏడాదే అది కూడా.

పెళ్లయిన ఆడవాళ్లు ఉద్యోగాల్లో నిలబడ్డాక అంతవరకూ ఎవరూ అడగని ప్రశ్న వచ్చింది. తొమ్మిదికి ఆఫీసు, తొమ్మిదికే బడి, మూడున్నరకు బడి వదిలితే అయిదుకు ఆఫీసు. పిల్లలను ఎవరు తేవాలి? జవాబుగా వచ్చిన ఫ్లెక్స్‌టైమ్ పుట్టింది మాత్రం ట్రాఫిక్ కోసం. 1967లో జర్మనీలో మ్యూనిక్ పక్కన ఒట్టోబ్రున్‌లో, తర్వాత మెసర్‌ష్మిట్ బోల్కో బ్లోమ్ అయిన విమానాల కంపెనీ గేటు దగ్గర పొద్దునే వాహనాలు బారులు తీరేవి. వచ్చే వేళ, పోయే వేళ ఉద్యోగులకే వదిలేసి, నడిమి గంటల్లో అందరూ ఉంటే చాలన్నారు. 1970లలో అది కాన్‌బెర్రా ప్రభుత్వ కార్యాలయాల్లో పాదం మోపింది. వారానికి 36 గంటల 45 నిమిషాలు, అంటే రోజుకు 7 గంటల 21 నిమిషాలు. ఉద్యోగి కాగితం మీద వచ్చిన వేళ, పోయిన వేళ రాయాలి. ఎక్కువైన నిమిషాలు కూడబెట్టుకుని ఓ రోజు సెలవు తీసుకోవచ్చు. ఆనాటి ఫ్లెక్స్ కాగితాల పద్ధతి పేరోల్‌లో పనిచేసేదాన్ని కాబట్టి నాకు బాగా నచ్చుతుంది. వెసులుబాటు ఉంది, పక్కనే నిమిషంతో సహా లెక్కా ఉంది. ఆలస్యంగా ఉండిపోయిన అరగంట ఎక్కడికీ పోదు.

నా 24 నిమిషాల సంగతీ ఆ కాలందే. 1980ల మొదట్లో లోహ పరిశ్రమ, ఆ వెనకే భవన నిర్మాణం 38 గంటల వారం సాధించుకున్నాయి. రోజుకు 7 గంటల 36 నిమిషాలు అన్నమాట. సైట్లో పని అలా మధ్యలో వదిలి పోవడం కుదరదు కాబట్టి మామూలుగా ఎనిమిది గంటలూ చేసి, మిగిలే 24 నిమిషాలు దాచుకుంటారు. పందొమ్మిది రోజులు దాస్తే సరిగ్గా ఒక రోజు. ఇరవయ్యో రోజు జీతంతో సెలవు. దాన్ని ఇక్కడ ఆర్‌డీఓ అంటారు. ఏ రోజు అనేది ఏడాది ముందే క్యాలెండర్‌లో అచ్చేస్తారు. టార్నీట్‌లో మా వీధిలో టైల్స్ వేసే పనివాళ్లు చాలావరకు ఆ సెలవు రోజులు చూసుకునే పిల్లల టీకాలు, కారు సర్వీసింగ్ పెట్టుకుంటారు.

ఇదంతా చూసి అంతా బాగుపడిందనుకునేలోగా 1990లలో మూటలు మళ్లీ ఇళ్లకు చేరాయి. ఈసారి ఫుట్‌స్క్రే, స్ప్రింగ్‌వేల్ గ్యారేజీల్లో, వియత్నాం నుంచి వచ్చిన ఆడవాళ్ల కుట్టు మిషన్ల మీదికి. 1995లో బట్టల పరిశ్రమ యూనియన్ దేశంలో ఇలాంటివాళ్లు దాదాపు మూడు లక్షలమంది ఉంటారని నివేదిక వేసింది. 2003లో విక్టోరియా వాళ్ల కోసమే ఒక చట్టం చేసింది. సిటీకి వెళ్లే మా రైలు ఫుట్‌స్క్రేలో కూడా ఆగుతుంది.

ఇక ఇప్పటి చట్టం. 2010 జనవరి 1 నుంచి బడి ఈడు లోపు పిల్లలున్నవాళ్లు, వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులు పని వేళలు, పనిచేసే చోటు మార్చమని అడిగే హక్కు వచ్చింది. 2013లో 55 ఏళ్లు నిండినవాళ్లకు, ఇంట్లో ఎవరినైనా సాకేవాళ్లకు, వైకల్యం ఉన్నవాళ్లకు, గృహహింస బాధితులకు కూడా ఇచ్చారు. అడిగే హక్కు అది. వ్యాపార కారణాలు చూపి యజమాని కాదంటే అప్పట్లో పైన వినేవాడు లేడు. బార్బరా పోకాక్ అనే ఆచార్యురాలు 2007 నుంచి అడిలైడ్‌లో ఉద్యోగుల జీవితాల మీద వరస సర్వేలు నడిపారు. చట్టం రాకముందు, వచ్చాక కూడా ఐదుగురిలో ఒకరే అడుగుతున్నారని, అడిగేది ఎక్కువగా ఆడవాళ్లేనని, మగవాళ్లు అడిగితే కాదనడం ఎక్కువని, అడిగింది పూర్తిగా దొరికినవాళ్లకు ఇల్లూ పనీ మధ్య నలుగుడు తగ్గిందని ఆ సర్వేలు చూపాయి. మగవాళ్ల సంగతి నేనూ గమనించాను. పిల్లాడికి జ్వరం వస్తే మగ ఉద్యోగి మెయిల్‌లో తనకు జ్వరమని రాస్తాడు, సొంత సిక్ లీవు పెడతాడు. పిల్లల కోసం వాడుకోవడానికి కేరర్స్ లీవు ఉందని చెప్పినా పెట్టడానికి వెనకాడతాడు.

తర్వాత కరోనా. 2020 మార్చి చివర్లో మెల్‌బోర్న్ మూతపడింది. ఆరు లాక్‌డౌన్‌లు, అన్నీ కలిపి 262 రోజులు. గుమాస్తాల జీతభత్యాలు నిర్ణయించే క్లర్క్స్ అవార్డు అనే పత్రం కింద నా ఉద్యోగం కూడా వస్తుంది. దాని ప్రకారం సోమవారం నుంచి శుక్రవారం దాకా మామూలు పని వేళలు పొద్దున 7 నుంచి రాత్రి 7 లోపల. అది దాటితే ఓవర్‌టైం. మార్చి 28న పని నిబంధనలు, తగవులు చూసే ఫెయిర్ వర్క్ కమిషన్, యజమానులూ యూనియన్లూ కలిసి అడగ్గా, ఇంటి నుంచి పనిచేసేవాళ్లు ఒప్పుకుంటే ఆ పరిధిని పొద్దున 6 నుంచి రాత్రి 11 దాకా సాగదీయవచ్చంది. పన్నెండు గంటల పరిధి ఒక్క ఉత్తర్వుతో పదిహేడైంది. ఇంట్లో బడి పాఠాలు చెప్పే తల్లులు పగలు తీరిక లేక రాత్రి పనిచేసుకుంటారు కాబట్టి అది సాయమే. నేనూ అలాగే నెట్టుకొచ్చాను. తర్వాత ఆ వెసులుబాటు గడువు తీరింది. రాత్రి లాప్‌టాప్ తెరిచే అలవాటు మాత్రం చాలా ఇళ్లలో ఉండిపోయింది.

2021 ఆగస్టు జనాభా లెక్కల రోజు దేశంలో ఉద్యోగుల్లో 21 శాతం ఇంటి నుంచే పనిచేశారు. అప్పుడు సిడ్నీ, మెల్‌బోర్న్ రెండూ లాక్‌డౌన్‌లో ఉన్నాయి. లాక్‌డౌన్‌లు పోయాక కూడా ఆ అలవాటు పోలేదు. 2024 ఆగస్టులో మామూలుగా ఇంటి నుంచి పనిచేస్తామన్నవాళ్లు 36 శాతం. దీనివల్ల నా ఇంట్లో ఏం మారిందో చెబుతాను. ఆఫీసుకు వెళ్లే రోజు చీకటితో లేచి, డబ్బాలు కట్టి, స్టేషన్ పార్కింగ్ నిండకముందే చేరి, రైల్లో నిలబడి వెళ్లి, సాయంత్రం ఆఫ్టర్ కేర్ మూసేలోగా పరుగెత్తుకు రావాలి. ఒక నిమిషం దాటితే అదనపు రుసుము, అంతకంటే ఎక్కువగా తలుపు దగ్గర ఒంటరిగా బ్యాగు తగిలించుకుని నిలబడ్డ పిల్ల. ఇంటి నుంచి పనిచేసే రోజు బడి దాకా నడిచి దింపుతాను. మధ్యాహ్నం కుక్కర్ పెట్టుకుంటాను. మూడున్నరకు పిల్ల బడిలో ఏమైందో చెబుతుంటే కాసేపు వింటాను, ఆ కబురు సాయంత్రం ఆరుకు అడిగితే రాదు. నా మెడనొప్పి, తలనొప్పి ఆ రోజుల్లో తక్కువ. చైనాలో ట్రిప్.కామ్ కంపెనీ 1,612 మంది ఉద్యోగులతో రెండు రోజులు ఇల్లు, మూడు రోజులు ఆఫీసు పద్ధతి పరీక్షించింది. పని ఏమాత్రం తగ్గలేదు. ఉద్యోగం మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, ముఖ్యంగా ఆడవాళ్లలో, దూరం నుంచి వచ్చేవాళ్లలో. 2024లో నేచర్ పత్రికలో ఆ ఫలితాలు వచ్చాయి. టార్నీట్ స్టేషన్‌లో పొద్దున ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు.

రెండో వైపు కూడా అదే ఇంట్లో ఉంది. జీతాలు వేసే వారం రాత్రి తొమ్మిదిన్నరకు, పిల్లలు పడుకున్నాక, డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్. చాట్‌లో పేరు పక్కన పచ్చచుక్క వెలుగుతోందంటే అందుబాటులో ఉన్నట్టే లెక్క కాబట్టి ఎవరో ఒకరు పలకరిస్తారు. అమ్మ ఓసారి మా దగ్గరికొచ్చి ఆరు నెలలుంది. ఒక రాత్రి నీళ్లకు లేచి, నన్ను చూసి "ఇంకెన్ని కట్టలున్నయే?" అంది. నవ్వడానికి అన్నది కాదు. పక్కన కూర్చుని నా వీపు నిమిరింది.

ఇక వేళల వెసులుబాటు అంటే ఏమిటో మన పిల్లల దగ్గర చూడాలి. చదువుకోవడానికి వచ్చిన తెలుగు విద్యార్థులు తరగతులు నడిచే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే పనిచేయాలని 2023 జులై నుంచి నిబంధన. గిడ్డంగుల్లో, పెట్రోలు బంకుల్లో, వృద్ధాశ్రమాల్లో క్యాజువల్ పని. గంటకు 25 శాతం ఎక్కువిస్తారు, సెలవులుండవు. రాత్రి పది గంటలకు రేపు పొద్దున ఆరుకు రాగలవా అని మెసేజ్ వస్తుంది. రాలేనంటే మళ్లీ ఎప్పుడు పిలుస్తారో తెలియదు. మా ఇంటి వెనక గదిలో అద్దెకున్న కుర్రాడు ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు. వాళ్ల రోస్టర్‌ను కూడా కంపెనీలు ఫ్లెక్సిబుల్ అనే అంటాయి. అక్కడ వంగేది కుర్రాడే. 1856లో రాతిపనివాడు సంపాదించుకున్నది, సాయంత్రం నాదని ముందే తెలిసి ఉండటం, ఈ కుర్రాడికి లేదు. నాకు ఫ్లెక్స్ సుఖాన్నిచ్చి వాడికి దిగులెందుకిస్తుందంటే, నా వేళ మార్చుకునేది నేను, వాడి వేళ మార్చేది వేరొకరు. ఒత్తిడి గురించి ఇన్నేళ్లుగా టైమ్‌షీట్లు చూసి నాకు అర్థమైంది ఇంతే.

చట్టం ఈ మధ్య ఆ దిశగానే కదిలింది. వేళలు మార్చమని అడిగితే యజమాని 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబివ్వాలని, కాదంటే కారణం చెప్పాలని 2010 నుంచే ఉంది. 2023 జూన్ 6 నుంచి, తగవు వస్తే కమిషన్ తీర్పు కూడా చెప్పగలదు. 2025 అక్టోబరులో వెస్ట్‌ప్యాక్ బ్యాంకు ఉద్యోగిని ఒకరు, చిన్నపిల్లల తల్లి, ఆ దారిలోనే ఇంటి నుంచి పనిచేసే హక్కు గెలుచుకుంది. బార్బరా పోకాక్ 2022లో సెనేటర్ అయ్యారు. పనీ సాకుడూ అన్న విషయం మీద వేసిన సెనేట్ కమిటీకి ఆమే అధ్యక్షత వహించారు. పని దిగాక ఫోను ఎత్తకుండా ఉండే హక్కు కావాలని ఆ కమిటీ చెప్పింది. ఫ్రాన్స్‌లో 2017 నుంచే ఉన్న హక్కు అది. ఇక్కడ 2024 ఆగస్టు 26న వచ్చింది, 15 మంది కంటే తక్కువున్న చిన్న సంస్థలకు మరుసటి ఏడాది అదే తేదీన. సర్వేలు చేసిన మనిషే చట్టం దాకా నడిపించడం నాకెంతో ధైర్యాన్నిచ్చింది. 2025 ఎన్నికల్లో ప్రభుత్వోద్యోగులందరూ వారంలో అయిదు రోజులూ ఆఫీసుకు రావాలన్న ప్రతిపక్షం, జనం గొణుగుడు విని ఏప్రిల్‌లోనే ఆ మాట వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఆగస్టులో విక్టోరియా ప్రీమియర్ జసింటా అలన్ వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయడాన్ని చట్టబద్ధ హక్కు చేస్తామన్నారు.

నేను ఇప్పుడు కళ్లలో వత్తులు వేసుకుని చూస్తున్నది మా క్లర్క్స్ అవార్డును. అందులో ఇంటి నుంచి పనికి ఒక క్లాజు చేర్చడానికి కమిషన్ 2024లో విచారణ మొదలుపెట్టింది. ఇంట్లో ఉండేవాళ్లకు పని వేళల పరిధి, విరామాల నిబంధనలు కొన్ని సడలించాలని యాజమాన్యాల వైపు నుంచి అడిగారు. పిల్లలను దింపుకోవడానికి పగలు ఆగుతారు కదా, రాత్రి చేస్తే ఓవర్‌టైం ఎందుకు అన్నది వాళ్ల వాదన. వినడానికి న్యాయంగానే ఉంటుంది. ఫ్లిండర్స్ లేన్ మూటలూ అలాగే మొదలయ్యాయి. ఇంట్లో ఉండి చేసుకుంటారు కదా, గంటలెందుకు లెక్కపెట్టాలి అని.

ఆ క్లాజు ఎలా ఉండాలో నా మట్టుకు నేను రాసుకున్నాను, యూనియన్ సమావేశంలో చదివి వినిపించాను కూడా. రోజును ముక్కలు చేసుకోవడం ఉద్యోగి తనంతట తాను అడిగితేనే జరగాలి, వద్దనుకున్న వారం మానుకోగలగాలి. ఇంటి నుంచి చేసిన రోజుకు కూడా టైమ్‌షీట్‌లో ఎక్కిన వేళ, దిగిన వేళ రెండు గళ్లూ నింపాలి. దిగిన వేళ దాటాక పై అధికారి మెసేజ్ వల్ల పడిన పని పావుగంటైనా సరే, అది మూడో గడిలో ఎక్కాలి, ఆ వారం జీతంలోనే ఓవర్‌టైం రేటుతో పడాలి. ఆ గడి సాఫ్ట్‌వేర్‌లో పెట్టడానికి అరగంట పని. చేసేది నేనే కాబట్టి నాకు తెలుసు.